కొండొరొషి ఎడమ కాలు

కోరుట్ల బస్టాండు వెనక ఉన్న నా సెలూన్‌కి వచ్చేవాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. తలకు మర్దన చేస్తాను, మెడ విరుస్తాను, నడుం పట్టుకుపోతే వీపు కూడా పడతాను. కాళ్ళు మాత్రం ముట్టను. మొన్న ఒక రిటైర్డు తహసీల్దారు పంతానికి పోయి, ప్యాంటు మోకాళ్ళ దాకా లాక్కుని కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. దువ్వెన కింద పెట్టి బయటికి పోయి నిలబడ్డాను. తిట్టుకుంటూ లేచిపోయాడు. పోతే పోనీ. ఎందుకు ముట్టవని అందరూ అడుగుతారు, అడిగారు కాబట్టి చెబుతున్నాను. అన్నం తినే ముందు మాత్రం వినకండి.

మా నాయన నలభై ఏళ్ళు ఊరి దొర కాళ్ళు పిసికాడు. పండగ పూట కూడా కబురొస్తే మంగలి పొది చంకన పెట్టుకుని పోయేవాడు. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ఆయన దగ్గర ఆవనూనె వాసన, దొర మడమల వాసన పోయేవి కావు. ఆ బతుకు నాకొద్దని, ఇంటర్ తప్పిన ఏడాదే వీసా పట్టుకుని దోహా పోయాను. మా అవ్వ సాయవ్వ ఇప్పటికీ దాన్ని దుబాయ్ అనే అంటుంది. ఆమెకు దుబాయ్ అంటే అటు పక్క ఉన్న ఎడారి అంతా.

పోయినవాణ్ణి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక క్యాంప్‌లో పడేశారు. పని సెంట్రింగ్. రూంలో పద్నాలుగు మందిమి. అందులో మెట్‌పల్లి జలంధర్ నాకంటే పదేళ్ళు పెద్ద. ఒకసారి ఆయన నడుం పట్టుకుపోయి మంచం దిగలేకపోతే, మూడు రోజులు పట్టి లేపి నిలబెట్టాను. నాకెందుకు ఆ దయ అని తర్వాత వంద సార్లు అనుకున్నాను. ఎందుకంటే ఆయన కొన్నాళ్ళకు ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో గడ్డికి నీళ్ళు పెట్టే పనికి మారాడు. అక్కడ ముసలి కోచ్ ఒకడు మోకాలి నొప్పితో మూలుగుతుంటే, "మా దగ్గర ఒక పొలగాడున్నడు సార్, చెయ్యి పెడితే నొప్పి పారిపోతది" అని నోరు జారాడు. దొర కాళ్ళు పట్టలేనని సముద్రం దాటినవాణ్ణి, సముద్రం అవతల ఇంకో దొర కాళ్ళ దగ్గర కూర్చున్నాను. రామేశ్వరం పోయినా శనేశ్వరం వదలలేదంటే ఇదే.

క్లబ్బు పేరు చెప్పను. చెప్తే నోరు కడుక్కోవాలి. అక్కడ ఆఫీసు మొత్తం నడిపేది సుధాకరరావు, తణుకు మనిషి, ఎం.కామ్. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో మడత నలగని రుమాలు. నన్ను కంపెనీ నుంచి విడిపించి క్లబ్బు వీసాకి మార్పించింది ఆయనే. ఆ మాట వారానికోసారి గుర్తు చేసేవాడు.

"నువ్వు ఎక్కడ్నించి వచ్చావో మర్చిపోకు నర్సింగూ. ఒక్క కాగితం పెడితే చాలు, మళ్ళీ ఆ చెక్కలు మోసుకుంటూ కూర్చుంటావు" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వంటేనే నాకు వెగటు.

ఇక ముసలాయన. కొండొరొషి ఇమ్రే. హంగేరీ వాళ్ళకూ మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. మేమంతా 'కొండ సార్' అనేవాళ్ళం. అప్పటికి అరవై నాలుగేళ్ళు. పొట్ట, బట్టతల, ముక్కు మీద ఎర్ర నరాలు. నడుస్తుంటే బాతు నడిచినట్టుండేది. ఈయన గొప్ప ఆటగాడంటే మొదట్లో నేను నమ్మలేదు. ప్యాంటు పైకి మడిచి ఎడమ కాలు నా ఒళ్ళో పెట్టిన రోజున నమ్మాను. పిక్క రాయిలా ఉంది. ఆ ముసలి ఒంట్లో ఆ ఒక్క కాలికే వయసు రాలేదు.

ఆయన జీవితమంతా నేను పుస్తకంలో చదవలేదు, ఆ కాలి మీద చదివాను. ఈజిప్టులో, కువైట్‌లో కోచ్‌గా పనిచేసి అరబ్బీ నేర్చుకున్నాడు, నాకూ కొంచెం వచ్చింది. మధ్యలో ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు. నేను వేలు పెట్టిన చోటల్లా ఒక కథ చెప్పేవాడు. ముంగాలి ఎముక మీద సొట్ట, బుడాపెస్ట్ ఊరి చివర ఇటుక బట్టీ వీధిలో పాత మేజోళ్ళలో గుడ్డలు కుక్కి బంతి చేసుకుని ఆడిన రోజుల్లోది. చీలమండ పైన జానెడు మచ్చ, పదహారేళ్ళప్పుడు యుద్ధంలో తగిలిన ఇనప ముక్కది. మోకాలికి రెండు పక్కలా కుట్లు, వియన్నాలో డాక్టర్లు వేసినవి. పిక్క మీద మాత్రం ఏ మచ్చా లేదు. "ఇది అందరూ చూశారు, ఎవరూ ముట్టలేకపోయారు" అనేవాడు. ఒకసారి లక్ష మంది ముందు, ముగ్గుర్ని తప్పించి, ఈ కాలితోనే ఇరవై అయిదు గజాల దూరం నుంచి కొట్టిన గోలు గురించి చెబుతుంటే, నా ఒళ్ళో ఉన్న పిక్క తనంతట తాను బిగుసుకునేది. అబద్ధం చెప్పే నోరుంటుంది గానీ, అబద్ధం చెప్పే పిక్క ఉండదు.

యాభై ఆరులో బుడాపెస్ట్‌లోకి రష్యా ట్యాంకులు వచ్చినప్పుడు ఆయన జట్టుతో పరాయి దేశంలో ఆడుతున్నాడు. సగం మంది వెనక్కి పోయారు, సగం మంది పోలేదు. ఈయన పోలేదు. వాళ్ళ సర్కారు ఆయన పేరు పేపర్లలో రాకుండా చేసిందట, పాత ఫొటోల్లోంచి కూడా తీసేసిందట. తల్లి చచ్చిపోయిన సంగతి పదకొండు రోజుల తర్వాత తెలిసింది. ఆమె పేరు ఇలోనా. ఆ రోజు నుంచి తన ఎడమ కాలికి ఇలోనా అని పేరు పెట్టుకున్నాడు. రూంలో ఈ సంగతి చెబితే జలంధర్ "గంత పెద్దాయన గూడ మనలెక్కనేరా" అన్నాడు. ఆ ఏడాది మా రూంలోనే ఇద్దరికి ఊరి నుంచి అట్లాంటి కబురే వచ్చింది, ఇద్దరూ పోలేకపోయారు.

కువైట్ మీద ఇరాక్ పడ్డప్పుడు ఒక్క సంచితో బయటపడి దోహా చేరాడు. పెళ్ళాం ఎప్పుడో వదిలేసింది. అల్ తుమామాలో క్లబ్బు ఇచ్చిన రెండు గదుల ఇల్లు, ఒక రేడియో, డబ్బాల్లో ఖర్జూరాలు. షుగర్ ఉంది. అయినా తినేవాడు.

రోజూ మధ్యాహ్నం ప్రాక్టీసుకు ముందు అదే వరస. ముందు నూనె, తర్వాత ఉప్పు కాపడం. రాళ్ళ ఉప్పు పెనం మీద వేయించి, బట్టలో మూట కట్టి, తొడ నుంచి అరికాలి దాకా అద్దడం మా నాయన పద్ధతి. నాయన ఒక్కటే కట్టడి పెట్టాడు. "మూట ముందు నీ చెంపకు పెట్టుకో. నీ చెంప ఓర్చుకుంటేనే వాళ్ళ ఒంటికి పెట్టు. అడిగి పెట్టకు. అడిగితే మనిషి అబద్ధం చెప్తడు, చెంప చెప్పదు." నేను చెంపకు పెట్టుకునేవాణ్ణి, తర్వాత మర్యాదకు అడిగేవాణ్ణి కూడా. అరబ్బీలో హార్ అంటే వేడి.

"హార్?"

"మాఫీ హార్" అనేవాడు కళ్ళు మూసుకుని. వేడి లేదని.

అంతా అయ్యాక ఆయన అడిగేవాడు. "ఇలోనా తయ్యిబ్?" ఆమె బాగుందా అని. పొట్ట అడ్డం వచ్చి ఆయన తన అరికాలు తాను చూసుకోలేడు. ఆ పాదం అడుగు చూసే కళ్ళు ప్రపంచంలో నావే. "తయ్యిబ్ సార్" అనేవాణ్ణి. బాగుంది అని. రెండేళ్ళు నిజమే చెప్పాను.

తొంభై నాలుగు ఫిబ్రవరిలో క్లబ్బుకు పాతికేళ్ళు నిండాయి. పెద్ద పండగ చేద్దామన్నారు. మంత్రులొస్తారు, టీవీ వస్తుంది, కొండొరొషి ఎడమ కాలితో మొదటి బంతి తంతాడు. బూట్ల దుకాణం వాళ్ళు బంగారు రంగు బూట్లు పంపారు. ఆ తర్వాత ఎడమ బూటును అద్దాల బీరువాలో పెడతారట. సుధాకరరావు కాళ్ళు నేల మీద లేవు. ఈ పండగ సరిగ్గా జరిగితే ఆయనకు జనరల్ మేనేజరు కుర్చీ ఖాయమని ఆఫీసులో అందరికీ తెలుసు.

పండగ ఇంకా పన్నెండు రోజులుందనగా, పోస్టరు కోసం ఫొటో తీసేవాళ్ళు వచ్చారు. నేను కాపడం పెడుతున్నాను. సుధాకరరావు తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏవోయ్, ఇంకా ఎంతసేపు? వాళ్ళు ఎండలో నిలబడి ఉన్నారు."

"ఉప్పు ఇప్పుడే దించిన సార్. పది నిమిషాలు."

"పది నిమిషాలూ లేవు. ఆ మూటేదో కాలికి కట్టేసి నువ్వు స్టోరుకెళ్ళి బూట్లు పట్రా. యల్లా, తొందరగా."

ఆ కంగారులో మూట చెంపకు పెట్టుకోలేదు. అరికాలి కింద పెట్టి, తువ్వాలుతో కట్టాను. అడిగాను మాత్రం.

"హార్ సార్?"

"మాఫీ హార్."

స్టోరు తాళం దొరక్క, మళ్ళీ బూట్లు దొరక్క, తిరిగి వచ్చేసరికి పావుగంట అయింది. తువ్వాలు విప్పాను. బొటనవేలి కింద, రూపాయి బిళ్ళంత మేర చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. ఆ వాసన నాకు తెలుసు, పెనం మీద తోలు మాడిన వాసన. ముసలాయన గోడ వైపు చూస్తూ ఏదో వాళ్ళ భాషలో కూనిరాగం తీస్తున్నాడు. మనిషికి కాలు కాలిపోతుంటే కూనిరాగం ఎట్లా వస్తుంది? అప్పుడు అర్థమైంది. ఆ పాదానికి స్పర్శ లేదు. ఎన్నాళ్ళ నుంచి లేదో ఆయనకే తెలియాలి. రెండేళ్ళుగా ఆయన చెప్పిన మాఫీ హార్‌లలో ఎన్ని నిజమో నాకు అప్పటికి తెలియదు.

"ఇలోనా తయ్యిబ్?" అన్నాడు.

చెప్తే ఏమవుతుంది? పాతికేళ్ళ పండగకు బంతి తన్నే కాలును కాల్చినవాడు నేను. ఒక్క కాగితం, మళ్ళీ సెంట్రింగ్. లేదా నేరుగా విమానం. ఊళ్ళో మా నాయన ముందు నిలబడి, ఏం చేసి వచ్చావురా అంటే ఏం చెప్పాలి?

"తయ్యిబ్ సార్" అన్నాను.

ఛీ. ఇన్నేళ్ళయినా ఆ రెండు మాటలు తలుచుకుంటే నోట్లో చేదు ఊరుతుంది.

మర్నాడు బొబ్బ చితికింది. రాత్రుళ్ళు చెప్పుల్లేకుండా తిరిగేవాడు, ఇసుక దూరింది. నేను దూది పెట్టి, పసుపు మందు రాసి, మేజోడు తొడిగేవాణ్ణి. "ఏమిటది?" అంటే "కొత్త నూనె" అనేవాణ్ణి. అయిదో రోజుకు అంచులు నల్లబడ్డాయి. ఏడో రోజుకు చీము. ఎనిమిదో రోజు మేజోడు విప్పగానే గదంతా చచ్చిన ఎలుక వాసన. ఆయన ముక్కు ఎగబీల్చి, డ్రైనేజీ బాగు చేయించమని సుధాకరరావుకు చెప్పు అన్నాడు నాతో. తన కాలి వాసన అని ఆయనకు తోచలేదు. నేను బాత్రూంలోకి పోయి వాంతి చేసుకున్నాను. ఆ పుండు మీద కంటే నా మీద నాకు ఎక్కువ రోత పుట్టింది.

ఆ సాయంత్రం సుధాకరరావు దగ్గరికి పోయాను.

"సార్, కొండ సార్ కాలు బాగలేదు. ఆసుపత్రికి తోల్కపోవాలె."

"ఏమైంది?"

"పుండు లేసింది."

"ఎలా లేచింది?"

చెప్పాల్సిన చోటు అదే. నోరు తెరిచాను కూడా. బయటికి వచ్చింది వేరే మాట. "కొత్త బూటు కరిచింది సార్."

ఆయన వచ్చి చూశాడు. చూసిన మరుక్షణం రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ముసలాయన ముందు మాత్రం నవ్వుతూ "వెరీ గుడ్ సర్, స్ట్రాంగ్ లెగ్" అని భుజం తట్టాడు. వరండాలోకి వచ్చాక నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"చూడు, ఇంకా నాలుగు రోజులే ఉంది. శుక్రవారం సాయంత్రం దాకా లాక్కురా. ఒక్క తన్ను. ఒక్కటే. శనివారం పొద్దున నేనే స్వయంగా ఆసుపత్రికి తీసుకెళ్తాను."

"మరీ పాడైతాంది సార్. ఇప్పుడు డాక్టర్‌కు చూపిస్తే..."

"ఇప్పుడు చూపిస్తే మంచమెక్కిస్తారు. మంచమెక్కితే తన్నేదెవరు, నువ్వా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బూటు కరిచిందన్నావు. నేనేం అడగలేదు కదా, ఎలా కరిచిందని. నువ్వూ ఏం అడక్కు" అన్నాడు.

మర్నాడు ఆయన డ్రైవరు చేత ఒక సీసా పంపాడు. ఊద్ అత్తరు, చాలా ఖరీదైనది. వాసన రాకుండా మేజోడుకు పట్టించమని కబురు. చీము మీద అత్తరు. నేను పట్టించాను. ఆ రెండు వాసనలు కలిస్తే పుట్టే మూడో వాసనకు ఏ భాషలోనూ పేరు లేదు.

క్యాంప్ అప్పటికి వదిలేసినా, శుక్రవారాల్లో అన్నానికి జలంధర్ దగ్గరికి పోయేవాణ్ణి. పండగ రోజు పొద్దున ముద్ద దిగక కూర్చుంటే, అంతా చెప్పించాడు.

"ముసలాయనకు చెప్పినవా?"

"చెప్పలె."

"ఎందుకు?"

"చెప్తే నన్ను మల్ల సెంట్రింగ్‌కు తోల్తరన్నా."

జలంధర్ కంచం పక్కకు జరిపాడు. "తోల్తే తోల్తరు. రెండు కాళ్ళ మీద నడుసుకుంట పోతవ్ గదరా" అన్నాడు. నా చేతిలోని ముద్ద కంచంలో పడేసి లేచాను. ఇప్పుడే పోయి చెప్పేస్తాననుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

గ్రౌండుకు పోయేసరికి కంపెనీ బస్సులు దిగుతున్నాయి. కుర్చీలు నిండాలి కదా, టీవీలో ఖాళీగా కనపడితే పరువు పోదూ. ఇండస్ట్రియల్ ఏరియా నుంచి రెండు వేల మందిని తోలుకొచ్చారు. సెలవు రోజు నిద్ర చెడగొట్టి, తలా ఒక తెల్ల టోపీ, ఒక బిర్యానీ పొట్లం, ఒక పెరుగు సీసా ఇచ్చారు. ఎర్ర జెండా ఊపితే చప్పట్లు కొట్టాలి, దించితే ఆపాలి. ఫుట్‌బాల్ అంటే ఏమిటో సగం మందికి తెలియదు. ముందు వరుస సోఫాల్లో పెద్దమనుషులు కాఫీ తాగుతున్నారు.

బట్టలు మార్చుకునే గదిలో కొండ సార్ ఒంటరిగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది, జ్వరం. కానీ కళ్ళు పద్దెనిమిదేళ్ళ కుర్రాడి కళ్ళు. బంగారు బూటు చేతుల్లో తిప్పి తిప్పి చూస్తున్నాడు. టీవీ వాళ్ళు ఈ బొమ్మ హంగేరీకి కూడా పంపుతారట. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత అక్కడివాళ్ళు తనను చూస్తారు. బూటు నా చేతికిచ్చి, కాలు చాపాడు.

"ఇలోనా తయ్యిబ్, నర్సింగ్?"

వెనక తలుపు దగ్గర సుధాకరరావు నిలబడి ఉన్నాడు. వాచీ చూసుకుంటున్నాడు. నేను ఆయన వంక చూశాను, ముసలాయన వంక చూశాను. పొద్దున జలంధర్ అన్న మాట చెవిలో ఉంది.

"తయ్యిబ్ సార్" అన్నాను.

నా చేతులతో నేనే ఆ కాలు బూటులోకి తోశాను. వాచిపోయి ఎక్కలేదు. మడమ కింద చెయ్యి పెట్టి నొక్కాను. లోపల ఏదో మెత్తగా చితికినట్టు తెలిసింది నా వేళ్ళకు. ఆయనకు తెలియలేదు. లేసు బిగించి ముడి వేశాను. పైన పటారం, లోన లొటారం.

చెప్పిన పని ఏమిటంటే, మధ్యలో పెట్టిన బంతిని మెల్లగా ముందుకు నెట్టి, చెయ్యి ఊపి, వచ్చేయడం. ఆయన నడిచి పోయాడు, బాతు నడకే. బంతి దగ్గర ఆగి, తల వంచి, దాన్ని కాలితో అటూ ఇటూ దొర్లించాడు. అప్పుడే గడ్డి తడిపిన జలంధర్ పైపు పట్టుకుని గీత దగ్గర నిలబడ్డాడు. ముసలాయనకేం తోచిందో, ఉన్నట్టుండి పరుగందుకున్నాడు. అది ముసలివాడి పరుగు కాదు. పెనాల్టీ గీత దాకా బంతి తీసుకుపోయి, ఎడమ కాలితో కొట్టాడు. గోల్‌కీపరు చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నవాడు, తల తిప్పి చూసేలోపు బంతి పై మూలలో వల చింపినంత పని చేసింది.

జెండా లేవలేదు. అయినా రెండు వేల మంది లేచారు. ఎవరూ చెప్పకుండా, ఎందుకో తెలియకుండా, బిర్యానీ పొట్లాలు కింద పడిపోతున్నా పట్టించుకోకుండా కేకలు పెట్టారు. ఆ కేకలు విని ముసలాయన ఆగలేదు. గ్రౌండు చుట్టూ పరుగు తీశాడు, చెయ్యి ఊపుకుంటూ, ఏడుస్తూ. బంగారు బూటు లేసుల సందుల్లోంచి ఎర్రగా, పచ్చగా కారుతుండటం నేను చూశాను. సుధాకరరావు కూడా చూశాడు. ఆయన కెమెరా వాళ్ళ దగ్గరికి పరుగెత్తి, "ఫేస్, ఫేస్, క్లోజప్" అన్నాడు.

శనివారం కాదు, ఆ రాత్రే పెద్దాసుపత్రిలో చేర్చారు. సోమవారం మోకాలి కింద తీసేశారు.

విచారణ పెట్టారు. క్లబ్బు డాక్టరు నాకెవరూ చెప్పలేదన్నాడు. బూట్ల దుకాణం వాళ్ళు బూటు తప్పు లేదన్నారు. సుధాకరరావు, సార్‌కే తన ఆరోగ్యం మీద శ్రద్ధ లేదని, ఖర్జూరాలు తినొద్దని తాను ఎన్నిసార్లు చెప్పాడో దేవుడికే తెలుసని కళ్ళు తుడుచుకున్నాడు. నన్ను అడిగితే నూనె రాశానన్నాను. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

వారం తర్వాత సుధాకరరావు జనరల్ మేనేజరు కుర్చీలో కూర్చుని నన్ను పిలిచాడు. బల్ల మీద ప్లాస్టిక్ కవరు.

"ఆసుపత్రి వాళ్ళు ఇచ్చారు. శుభ్రంగా కడిగి పట్రా. అద్దాల బీరువా రేపొస్తోంది" అన్నాడు.

కవరులో ఎడమ బూటు. బాత్రూంలో పంపు కింద పెట్టి కడిగాను. సబ్బుతో కడిగాను, బ్రష్షు పెట్టి కడిగాను. నీళ్ళు తెల్లబడేసరికి గంట పట్టింది. లోపలి అట్టకు ఒక తోలు ముక్క అతుక్కుని ఉంది, గట్టిపడి, రూపాయి బిళ్ళంత. అది బూటు తోలు కాదు. దాన్ని గోరుతో తీసి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు, పారేయడానికి చెయ్యి రాలేదు. బూటు మళ్ళీ తళతళలాడింది. సుధాకరరావు దాన్ని వాసన చూసి, "భేష్" అన్నాడు.

అప్పటికి రెండుసార్లు ఆసుపత్రికి పోయి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను. మూడోసారి చెప్పి తీరాలని పోయాను. జేబులో కాగితం పొట్లం ఉంది. మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. దుప్పటి కింద కుడి కాలు ఎత్తుగా ఉంది. ఎడమ పక్క మోకాలి దగ్గర ఆగిపోయి, అక్కడి నుంచి పరుపుకు అంటుకుపోయి ఉంది. కొండ సార్ నెత్తిన చెమట. పళ్ళు బిగబట్టి ఉన్నాడు.

"నర్సింగ్, వీళ్ళకు పిచ్చి. నొప్పి లేదంటారు. కాలే లేదు, నొప్పి ఎక్కడిదంటారు. అంతా నీ తలలో ఉందంటారు."

"ఎక్కడ నొప్పి సార్?"

ఆయన దుప్పటి చదునుగా ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు. మంచం చివర, ఒక పాదం ఉంటే బొటనవేలి కింద ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడ.

"ఇక్కడ. మూడేళ్ళుగా ఇలోనా నాతో మాట్లాడలేదు. ఎవరికీ చెప్పలేదు, చెప్తే పంపించేస్తారు, నేనెక్కడికి పోను? ఇప్పుడు పోయాక మాట్లాడుతోంది." నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ ముసలి చేతికి అంత బలం ఎక్కడిదో. "హార్, నర్సింగ్. హార్."

మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. అట్లా కూర్చునే చెప్పాను. చెంపకు పెట్టుకోకుండా ఆ మూట కట్టింది నేనని, పన్నెండు రోజులు రోజూ చూసి దాచింది నేనని, తయ్యిబ్ అన్న ప్రతిసారీ అబద్ధమని, బూటులోకి తోసింది నేనని. తెలుగులో చెప్పానో, అరబ్బీలో చెప్పానో నాకు గుర్తులేదు. జేబులోని పొట్లం తీసి విప్పి చూపించాను కూడా.

ఆయన దాన్ని చూశాడు. తిడతాడేమో, కొడతాడేమో అని ఎదురుచూశాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. నా మణికట్టు మీది చెయ్యి తీసేశాడు. మునుపెన్నడూ నా వంక అట్లా చూడలేదు. పుండు మేజోడు విప్పిన రోజున నేను ఎట్లా ముఖం పెట్టానో, అదే ముఖం.

"తీసెయ్" అన్నాడు.

"ఏంది సార్?"

"మూట. ఇంకా అక్కడే ఉంది. తీసెయ్."

లేచాను. చదునుగా ఉన్న దుప్పటి మీద, ఆయన చూపించిన చోట, రెండు చేతులూ పెట్టాను. కింద పరుపు తప్ప ఏమీ లేదు. తువ్వాలు ముడి విప్పినట్టు విప్పాను, మూట ఎత్తినట్టు ఎత్తాను, ఎత్తి నా చెంపకు ఆనించుకున్నాను. చేతులు చల్లగా ఉన్నాయి.

"ఇప్పుడు సార్?" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని తల గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఇంకా హార్" అన్నాడు.